ఎర్ర అక్షరాలకూ మార్కులివ్వండి

అనంతపురం జేఎన్‌టీయూ ఉపకులపతి గారికి బహిరంగ లేఖ



తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లల్లో చాలామంది మీ విశ్వవిద్యాలయం గొడుగు కిందే ల్యాబ్ రికార్డులు రాస్తారు. కుప్పంలో రాసినా పుత్తూరులో రాసినా ఆ రికార్డుల అచ్చు ఒకటే. ఎయిమ్, ప్రోగ్రాం, అవుట్‌పుట్, రిజల్ట్. రిజల్ట్ దగ్గర ఎప్పుడూ ఉండే వాక్యం ప్రోగ్రాం విజయవంతంగా నడిచిందనే. నాలుగేళ్ల చదువులో ఒక్క ప్రయోగమైనా చెడిపోయినట్టు రికార్డులో కనబడదు. చెడితే రాసుకోవడానికి అందులో గడి లేదు. అదే విద్యార్థి హాస్టల్ గదిలో సొంత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, పైథాన్ ప్యాకేజీ ఎక్కించడానికి ‘పిప్ ఇన్‌స్టాల్’ అని కొట్టి ఎంటర్ నొక్కితే తెర నిండా ఎర్ర అక్షరాలు దిగుతాయి. ఒక్కోసారి రెండు మూడు వందల వరుసలు. వాటిని చదివినందుకు ఏ యూనిట్‌లోనూ మార్కులు లేవు కాబట్టి ఎవరూ చదవరు. ఆ విండో మూసి, మళ్లీ తెరిచి, అదే కమాండ్ మళ్లీ కొడతారు. ఈ లేఖ ఆ ఎర్ర అక్షరాల గురించే. ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ కానప్పుడు కంపైలర్ ఏం చెప్పిందో చదివి, కారణం ఫలానా అని రాయగలగడాన్ని ల్యాబ్ పరీక్షలో మార్కులుండే పనిగా చేయమని నా విన్నపం. ఎందుకు చేయాలో, ఎదురయ్యే అభ్యంతరాల్లో పస ఎంతో కాస్త వివరంగా చెప్పుకోనివ్వండి.

మన కాలేజీల్లో ఏటా కనబడే ప్రాజెక్టునే తీసుకుందాం: ముఖం చూసి హాజరు వేసే కెమెరా. దీనికి తరచుగా వాడేది ‘ఫేస్ రికగ్నిషన్’ అనే పైథాన్ లైబ్రరీ. దాని కింద డేవిస్ కింగ్ సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ‘డీలిబ్’ ఉంటుంది. విండోస్‌కు అధికారికంగా మద్దతు లేదనీ, పనిచేస్తే చేయొచ్చనీ ఫేస్ రికగ్నిషన్ సూచనల్లోనే రాసి ఉంది. మన పిల్లల ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నీ విండోసే. పైగా పైథాన్ ప్యాకేజీల భాండాగారంలో డీలిబ్ సోర్స్ రూపంలోనే దొరుకుతుంది. అంటే ‘ఇన్‌స్టాల్’ అన్న ఒక్క మాట వెనక సీమేక్ అనే పనిముట్టు కావాలి, మైక్రోసాఫ్ట్ సీ ప్లస్ ప్లస్ బిల్డ్ టూల్స్ కావాలి, అవి దించుకోవడానికి కొన్ని జీబీల డేటా కావాలి, కంపైల్ అయ్యేదాకా ఓపిక కావాలి. ప్రాజెక్టు రిపోర్టులో ‘సాఫ్ట్‌వేర్ అవసరాలు’ అన్న పేజీలో ఇవేవీ ఉండవు. పైథాన్, ఓపెన్ సీవీ, ఫేస్ రికగ్నిషన్ అని మూడు పేర్లు రాసి ఊరుకుంటారు. సీమేక్ లేకపోతే ‘డీలిబ్‌ను నిర్మించాలంటే సీమేక్ ఉండాలి’ అని ఆ ఎర్ర అక్షరాల మధ్యలో స్పష్టంగానే వస్తుంది. అది కనబడక వారాలకు వారాలు పోగొట్టుకుని, చివరికి డబ్బిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు తెచ్చుకునేవాళ్లున్నారు. ఆ అలవాటుకు ఇదొక్కటే కారణమని అనను. బద్ధకమూ ఉంది, చూసీ చూడనట్టు ఊరుకునే గైడ్లూ ఉన్నారు. కానీ నిజంగా చేద్దామని కూర్చున్నవాణ్ణి మొదటి రోజే వెనక్కి నెట్టేది మాత్రం చాలాసార్లు ఈ గోడే.

ఆ గోడ ఎక్కడినుంచి వచ్చిందో తిరుపతి వాళ్లకు లడ్డూతో చెప్తే సులువుగా తెలుస్తుంది. కౌంటర్లో లడ్డూ చేతిలో పెట్టడం వేరు. శనగపిండి, నెయ్యి, చక్కెర, జీడిపప్పు, యాలకులు మూటగట్టి, పైన సరుకుల కొలతలు రాసిన దిట్టం కాగితం పెట్టి ‘మీరే చేసుకోండి’ అనడం వేరు. పైథాన్‌లో మొదటిదాన్ని వీల్ అంటారు. 2012లో ప్రతిపాదించిన పద్ధతి అది; ప్యాకేజీ రాసినవాళ్లు తమ పోటులో, అంటే తమ వంటశాలలో, ముందే కంపైల్ చేసి పెట్టిన సరుకు. రెండోది సోర్స్. పిప్ మొదట లడ్డూ కోసమే వెతుకుతుంది. మన ఆపరేటింగ్ సిస్టానికి, మన ప్రాసెసర్‌కు, మన పైథాన్ వెర్షన్‌కు సరిపడే లడ్డూ లేకపోతే, అడగకుండానే మూట తెచ్చి మన వంటింట్లో పొయ్యి వెలిగించబోతుంది. పొయ్యే లేని ఇంట్లో పొగ తప్ప ఏమొస్తుంది? ‘మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 లేదా అంతకన్నా పైది కావాలి’ అని విండోస్‌లో వచ్చే ప్రసిద్ధమైన ఎర్ర వాక్యానికి అర్థం ఇంట్లో పొయ్యి లేదనే.

ఆ వాక్యం చూడగానే చాలామంది పొయ్యి కొనడానికి పరుగెడతారు. నా మట్టుకు మొదట అడగాల్సింది, లడ్డూ రావలసిన చోటికి మూట ఎందుకు వచ్చిందని. నిన్నగాక మొన్న విడుదలైన పైథాన్ వేసుకుని ఉంటే, ఆ వెర్షన్‌కు ప్యాకేజీవాళ్లు ఇంకా వీల్ తయారుచేసి ఉండరు. ఒక మెట్టు పాత పైథాన్ వేసుకుంటే గొడవే ఉండదు. పొరపాటున 32 బిట్ పైథాన్ ఎక్కించి ఉండొచ్చు. లేదా పిప్ పాతదై, కొత్త రకం వీల్ పేర్లను గుర్తుపట్టలేకపోవచ్చు. 2021 ఫిబ్రవరిలో ‘క్రిప్టోగ్రఫీ’ అనే ప్యాకేజీ 3.4 వెర్షన్ వచ్చినప్పుడు ప్రపంచమంతటా జరిగింది సరిగ్గా ఇదే. ఆ వెర్షన్‌ను సోర్స్ నుంచి కట్టాలంటే రస్ట్ భాష కంపైలర్ కావలసి వచ్చింది. కొత్త పిప్ ఉన్న మామూలు కంప్యూటర్లకు వీల్ దిగింది, ఏమీ తెలియలేదు. పాత పిప్ ఉన్నవాళ్లకు మూట దిగింది, రస్ట్ లేదని ఎర్రర్ వచ్చింది. చాలామంది రస్ట్ ఎక్కించే పనిలో పడ్డారు. నిజానికి పిప్‌ను అప్‌గ్రేడ్ చేస్తే వాళ్లలో ఎక్కువమందికి సరిపోయేది. ఎర్రర్ అడిగింది ఇవ్వడానికీ, ఎర్రర్ ఎందుకొచ్చిందో తెలుసుకోవడానికీ ఉన్న తేడా ఆ నెలలో చూసినంత స్పష్టంగా మరెప్పుడూ కనబడలేదు.

ఇక నిజంగానే కంపైల్ చేయక తప్పనప్పుడు చదివే తీరు చూద్దాం. జనం చదివేది చివరి వరుస, ఎందుకంటే కళ్లు అక్కడే ఆగుతాయి. ‘వీల్ నిర్మాణం విఫలమైంది’ అనో, ఆర్ భాషలో అయితే ‘ఫలానా ప్యాకేజీ ఇన్‌స్టాలేషన్ నాన్ జీరో ఎగ్జిట్ స్టేటస్‌తో ముగిసింది’ అనో ఉంటుంది. అది మరణ ధ్రువీకరణ పత్రం. రోగమేమిటో అందులో ఉండదు. అసలు సంగతి పైన ఎక్కడో, మొట్టమొదటి ‘ఎర్రర్’ అన్న మాట దగ్గరుంటుంది. కంపైలర్‌కు ఒక హెడర్ ఫైలు దొరకలేదనుకోండి. అందులో ఉండాల్సిన పేర్లన్నీ దానికి అపరిచితాలే అవుతాయి, ప్రతి పేరుకూ ఒక ఫిర్యాదు రాస్తుంది. వంద ఎర్రర్లకు మూలం ఒక్కటే. ఉబుంటులో ‘పైథాన్ డాట్ హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని వస్తే పైథాన్ లేదని కాదు, పైథాన్‌తో కలిపి సీ కోడ్ కంపైల్ చేయడానికి కావలసిన హెడర్లు లేవని. అవి ‘పైథాన్3-డెవ్’ అనే వేరే ప్యాకేజీలో ఉంటాయి. మైఎస్‌క్యూఎల్‌తో మాట్లాడే ప్యాకేజీ ‘మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్ కనబడలేదు’ అంటే అక్కడా ఇదే కథ. కంపైలర్ ఏ ఫిర్యాదూ లేకుండా మధ్యలో ‘కిల్డ్’ అని ఆగిపోతే కోడ్‌లో తప్పేమీ లేదని, మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమే దాన్ని ఆపేసి ఉంటుందని అనుమానించాలి. ఇవన్నీ ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో నేర్పదగ్గ విషయాలు. పెద్ద సిద్ధాంతమేమీ లేదు.

శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం పాలకులు కూడా ఈ ఉత్తరాన్ని తమకు రాసినట్టే చదువుకోవచ్చు. వారి పరిధిలోని డిగ్రీ కళాశాలల్లో స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ చదివే పిల్లలకు పైథాన్ కన్నా ముందు ఎదురయ్యేది ఆర్ భాష. విండోస్‌లో ఆర్ ఒక ప్రశ్న వేస్తుంది: కొన్ని ప్యాకేజీలకు కంపైల్ చేసిన రూపం కన్నా కొత్త సోర్స్ ఉంది, సోర్స్ నుంచి ఎక్కించమంటావా, ఎస్, నో, క్యాన్సిల్? కొత్తది మంచిదే కదా అని అందరూ ఎస్ కొడతారు. దానికి ఆర్‌టూల్స్ అనే పనిముట్ల పెట్టె కావాలి. అదీ ఆర్ వెర్షన్‌కు తగ్గది, 4.4కు ఆర్‌టూల్స్ 44, 4.3కు 43. నో కొడితే కాస్త పాత వెర్షన్ నిమిషంలో దిగేది. లినక్స్‌కైతే ఆర్ ప్రధాన భాండాగారం క్రాన్‌లో కంపైల్ చేసిన ప్యాకేజీలే ఉండవు. అక్కడ అన్నీ సోర్స్ నుంచే కట్టుకోవాలి కాబట్టి, ‘కర్ల్’ ప్యాకేజీ ఆగిపోతే దానిమీద ఆధారపడ్డ ‘టైడీవర్స్’ దాకా వరసగా కూలుతాయి. అయితే ఆ కర్ల్ ప్యాకేజీ కూలేటప్పుడు ఏం చెప్తుందో చూడండి: లిబ్‌కర్ల్ దొరకలేదు, మీది డెబియన్, ఉబుంటు అయితే ఫలానా పేరున్నది ఎక్కించుకోండి, ఫెడోరా అయితే ఫలానాది, మ్యాక్ అయితే ఫలానాది. రాసినవాళ్లు మందు చీటీ కూడా రాసి చేతిలో పెట్టారు. మనం చీటీ చింపేసి, మందుల షాపు ముందు నిలబడి ఏం కొనాలో తెలియక దిక్కులు చూస్తున్నాం.

‘ఇవి ఒకసారి సరిచేసుకుంటే పోయే తంటాలు, వీటికి చదువెందుకు’ అనే వాదన ఉంది. తంటాలు పోవు; రూపం మార్చుకుని మళ్లీ వస్తాయి. 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12 నుంచి ‘డిస్ట్‌యుటిల్స్’ అనే పాత భాగాన్ని తీసేశారు. దాన్ని నమ్ముకున్న పాత ప్యాకేజీలు ఆ రోజు నుంచి కొత్త పైథాన్‌లో ఆగిపోయాయి. 2024 మేలో వచ్చిన జీసీసీ 14 కంపైలర్, అంతకుముందు హెచ్చరికలతో సరిపెట్టిన కొన్ని సీ భాష నిర్లక్ష్యాలను, ముఖ్యంగా ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడాన్ని, ఎర్రర్లుగా మార్చింది. అదే ఏడాది జూన్‌లో నంపై లైబ్రరీ 2.0 వెర్షన్ వచ్చి, పాత నంపైతో కంపైలైన ప్యాకేజీలతో పేచీ పెట్టుకుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా నిన్న నడిచింది ఇవాళ నడవకపోవడం ఈ వృత్తి స్వభావం. సీనియర్ ఇచ్చిన కమాండ్ల జాబితా మూడో ఏడాదికే పనికిరాకుండా పోతుంది. చదివే అలవాటు మాత్రం జీసీసీ 20 వచ్చినా పనికొస్తుంది. ఇంకొక సంగతి: కొన్నిసార్లు చదివాక తేలేది తప్పు ప్యాకేజీ రాసినవాళ్లదని, మనం చేయగలిగిందేమీ లేదని. అది ఓటమి కాదు, రోగ నిర్ధారణే. ‘ఈ వెర్షన్‌లో ఇది కాదు, పాత వెర్షన్‌కు వెళ్లాలి’ అని కారణంతో సహా చెప్పగలిగినవాడికి నేనైతే పూర్తి మార్కులు వేస్తాను.

చదవకపోతే ఖర్చు కాలంతోనే ఆగదు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి, ఇతర కొత్త లినక్సుల్లోనూ సిస్టం పైథాన్‌లో నేరుగా పిప్ వాడితే ఒక ఎర్రర్ వస్తోంది; విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకొమ్మని అదే ఎర్రర్ చెప్తుంది. దాన్ని దాటడానికి ఒక ఫ్లాగ్ ఉంది. దాని పేరే ‘సిస్టం ప్యాకేజీలను పగలగొట్టు’ అని. ఎక్కడో చూసి కాపీ కొట్టుకునే చేతికి ఆ పేరు కూడా కనబడదు. విండోస్‌లో మరో దారి, కంపైల్ చేసిన వీల్ ఫైలు ఎవరైనా పంపితే తెచ్చి వేసుకోవడం. ఒకప్పుడు క్రిస్టోఫ్ గోల్కే అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ ప్రాంగణం నుంచి ఇలాంటి వీల్స్ వందలకొద్దీ ఉచితంగా అందించారు, ప్రపంచమంతా వాడుకుంది. 2022లో ఆ సేవ ఆగింది. ఆ ఖాళీలో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఫైళ్లను ఎవరు కట్టారో, లోపల ఏముందో ఎవరికీ తెలియదు. అధికారిక దారిలో వచ్చేదైనా ఒక్కోసారి మోసం చేస్తుంది: 2022 డిసెంబరు చివరి వారంలో పైటార్చ్ నైట్లీ వెర్షన్‌ను లినక్స్‌లో పిప్‌తో ఎక్కించినవాళ్లకు ‘టార్చ్‌ట్రైటన్’ అనే పేరుతో ఎవరో పెట్టిన దొంగ ప్యాకేజీ దిగి, కంప్యూటర్లోని సమాచారాన్ని బయటికి పంపింది. ఇన్‌స్టాల్ చేయడమంటే ఇతరుల కోడ్‌ను మన యంత్రం మీద నడపడమే. ఏం నడుస్తోందో ఒక కన్ను వేయడం నేర్పని చదువు ఇంజనీరింగ్ చదువు ఎలా అవుతుంది?

గూగుల్ కొలాబ్ ఉండగా ఇదంతా ఎందుకనే అభ్యంతరం బలమైనదే. నంపై, టెన్సర్‌ఫ్లో అన్నీ అక్కడ ముందే సిద్ధం, బ్రౌజర్ చాలు. మొదటి ఏడాది పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి దాన్నే వాడాలంటాను, అనవసరంగా వాళ్లను ఎర్రర్లలో ముంచకూడదు. కానీ హాజరు కెమెరా కాలేజీ గుమ్మం దగ్గర పెట్టాలంటే అక్కడుండేది కొలాబ్ కాదు, ఒక చిన్న బోర్డో పాత పీసీయో. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, ఎంఎస్‌టీ రాడార్‌కు పేరుపొందింది. వాతావరణ శాస్త్రంలో ప్రపంచమంతా వాడే డబ్ల్యూఆర్‌ఎఫ్ నమూనా ఫోర్ట్రాన్‌లో రాసినది. దాన్ని సోర్స్ నుంచే కంపైల్ చేసుకుంటారు. దానికి కావలసిన నెట్‌సీడీఎఫ్ లైబ్రరీని ఒక కంపైలర్‌తో, నమూనాను ఇంకో కంపైలర్‌తో కడితే రెండూ కలవవు. కూతవేటు దూరంలో అలాంటి శాస్త్రం నడుస్తుంటే, అక్కడికి ఇంటర్న్‌షిప్‌కు వెళ్లాలనుకునే మన పిల్లలకు లైబ్రరీ, లింకర్, హెడర్ అన్న మాటలు పరీక్షలో నిర్వచనాలుగా మాత్రమే తెలియడం బాధాకరం.

ఏఐ చాట్‌బాట్ ఉంది కదా అనేది మరింత కొత్త అభ్యంతరం. మొత్తం లాగ్‌ను, పైథాన్ వెర్షన్‌ను, ఆపరేటింగ్ సిస్టాన్ని ఇస్తే అది మంచి సాయమే చేస్తుంది. దాన్ని నిషేధించమని కోరడం లేదు. కానీ అలవాటు లేనివాడు ఇచ్చేది చివరి వరుస స్క్రీన్‌షాట్. మరణ ధ్రువీకరణ పత్రం చూపించి మందడిగితే వైద్యుడైనా యంత్రమైనా ఊహించే చెప్పాలి. పిప్ అప్‌గ్రేడ్ చెయ్యి, బిల్డ్ టూల్స్ ఎక్కించు, పైథాన్ తీసేసి మళ్లీ వెయ్యి అని అన్నీ వరుసగా చెప్తుంది. ఏ వరుస చూపించాలో ఎంచుకోగలగడం, వచ్చిన జవాబు నిజమో కాదో ఒక చిన్న పరీక్షతో తేల్చుకోగలగడం విద్యార్థి పని.

ఇంగ్లిష్ రాదు కాబట్టి చదవరు అనేవాళ్లూ ఉన్నారు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పల్లె పిల్లల విషయంలో దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే కంపైలర్ ఇంగ్లిష్ షేక్‌స్పియర్ ఇంగ్లిష్ కాదు. దాని పదకోశం చాలా చిన్నది. నాట్ ఫౌండ్, నో సచ్ ఫైల్, అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్, పర్మిషన్ డినైడ్, రిక్వైర్డ్. పట్టుమని వంద వాక్యాలు వస్తే మన విద్యార్థి ఎదుర్కొనే వాటిలో ఎక్కువ భాగం చదవొచ్చు. ఆ వంద వాక్యాలకు తెలుగులో అర్థం, సాధారణ కారణం, నిర్ధారించుకునే పద్ధతి ఉన్న ఒక చిన్న కరపుస్తకం మీ విశ్వవిద్యాలయం అచ్చువేయించి ప్రతి ల్యాబ్‌లో వేలాడదీయించవచ్చు. అనువాదం చేసేటప్పుడు ‘శీర్షిక దస్త్రం’ లాంటి మాటలు మాత్రం పుట్టించవద్దని మనవి. హెడర్ ఫైల్ అంటే అందరికీ తెలుసు.

సిలబస్‌లో చోటు లేదని మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ అనవచ్చు. జేఎన్‌టీయూ పాత సిలబస్‌లోని ఐటీ వర్క్‌షాప్‌ను గుర్తుచేస్తాను. మొదటి ఏడాది విద్యార్థి చేత పీసీ విప్పించి బిగించేవాళ్లు, ఆపరేటింగ్ సిస్టం ఎక్కించేవాళ్లు. వాటితోపాటు ట్రబుల్‌షూటింగ్ అని రెండు పనులుండేవి: చెడిన యంత్రాన్ని చేతికిచ్చి, లోపం కనిపెట్టి బాగుచేయమనడం, ఒకటి హార్డ్‌వేర్‌లో, ఒకటి సాఫ్ట్‌వేర్‌లో. ఎవరు ఆలోచించి పెట్టారో గానీ మంచి ఆలోచన. దాన్నే ప్యాకేజీల కాలానికి పొడిగించమంటున్నాను. కొత్త సబ్జెక్టు అక్కర్లేదు. పైథాన్ ల్యాబ్‌లో రెండు వారాలు, పరీక్షలో ఒక ప్రశ్న. స్వయంప్రతిపత్తి కళాశాలలు సొంత సిలబస్ రాసుకుంటాయి నిజమే, కానీ మీ మోడల్ సిలబస్‌ను చూడకుండా రాయవు. అధ్యాపకులకే ఇది రాదన్న మాట వినబడుతుంది. అందరికీ రానక్కర్లేదు, ల్యాబ్ నడిపే టెక్నీషియన్లలో చాలామందికి ఇది మనందరికన్నా బాగా వచ్చు. వాళ్లను ఈ రెండు వారాలకు గురువులుగా గుర్తిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న ఎలా ఉండాలో కూడా రాస్తాను. కావాలని లోపం పెట్టిన వర్చువల్ మెషీన్ ఒకటి ఇవ్వండి. ఒకదాంట్లో హెడర్లు తీసేసి, ఒకదాంట్లో పాత పిప్ పెట్టి, ఇంకొకదాంట్లో కంపైలర్ లేకుండా. ఇంటర్నెట్ ఉండొచ్చు, చాట్‌బాట్ ఉండొచ్చు. గంట సమయం. విద్యార్థి రికార్డులో మూడు సంగతులు రాయాలి: లాగ్‌లో మొదటి అసలు ఎర్రర్ ఏ వరుసలో ఉంది, దానికి కారణమేమనుకున్నాడు, అనుకున్నది నిజమేనని ఏ కమాండ్‌తో తేల్చుకున్నాడు. ప్యాకేజీ చివరికి ఇన్‌స్టాల్ అయిందా లేదా అన్నదానికి పది మార్కుల్లో రెండుకు మించి ఇవ్వొద్దు. రిజల్ట్ గడిలో ‘విఫలమైంది’ అని రాసి, కింద కారణం రాసిన రికార్డు మీద ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ సంతకం పెట్టేలా ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
తిరుపతి నుంచి మీ శ్రేయోభిలాషి